పటం కట్టిన రంగులు: న్యూయార్క్ నుంచి మన హాలు గోడ దాకా



ఈసారి మనం నేర్చుకునే మాట "పటం". చిన్న మాటే కానీ దీని వెనక పెద్ద కథ ఉంది. మన ఇళ్ళలో దేవుడి పటం ఉంటుంది, తాతగారి పటం ఉంటుంది. ఇండియా పటం అంటే మ్యాప్. ఫోటోకి ఫ్రేమ్ వేయించడాన్ని పెద్దవాళ్ళు "పటం కట్టించడం" అంటారు. సంస్కృతంలో పటం అంటే బట్ట. పూర్వం బట్ట మీద బొమ్మలు వేసేవాళ్ళు కాబట్టి బొమ్మకే ఆ పేరు వచ్చింది. తెలంగాణలో చేర్యాల నకాశీ కళాకారులు కథ చెప్పడానికి వేసే పొడుగాటి బట్ట బొమ్మలను ఇప్పటికీ పటాలు అనే అంటారు. కాన్వాస్ అన్నా బట్టే కదా. అందుకే న్యూయార్క్ లో కాన్వాస్ మీద వేసిన బొమ్మల గురించి రాయడానికి ఈ మాట నాకు సరిగ్గా సరిపోయింది అనిపించింది.

గుడి వాలంటీరుగా నేను చాలా గృహప్రవేశాలకు వెళ్తాను. పూజ సామాను సర్దడం, హోమం ఇటుకలు పేర్చడం నా పని. కొత్త ఇళ్ళలో ఈ పదేళ్ళుగా ఒక మార్పు చూస్తున్నాను. పూజ గదిలో దేవుడి పటాలు మామూలే. కానీ హాలులో సోఫా పైన ఒక పెద్ద ఫ్రేము ఉంటుంది. అందులో మనిషి ఉండడు, చెట్టు ఉండదు. ఎర్రటి మబ్బు లాంటి ఒక చతురస్రం, దాని కింద నారింజ రంగుది ఇంకొకటి. లేదా నల్ల రంగు, తెల్ల రంగు దారాలు చిక్కుపడినట్టు ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు "ఇదేంటమ్మా?" అని అడుగుతారు. కోడలు "ఆర్ట్ అత్తయ్యా" అంటుంది. అక్కడితో మాట ఆగిపోతుంది. ఆ మాట ఇంకొంచెం ముందుకు వెళ్ళాలని ఈ వ్యాసం.

మొదట పేరు. ఈ రకం బొమ్మలను అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అంటారు. తెలుగులో అబ్‌స్ట్రాక్ట్ కి "నైరూప్యం" లేదా "అమూర్తం" అని రాస్తారు. నైరూప్యం అంటే రూపం లేనిది. ఎక్స్‌ప్రెషనిజం అంటే లోపలి భావాన్ని బయటపెట్టడం, "భావ వ్యక్తీకరణ". రెండూ కలిపితే, కంటికి తెలిసిన రూపం ఏదీ లేకుండా మనసులో ఉన్నది రంగుతో చెప్పడం. ఈ పేరును న్యూయార్క్ చిత్రకారులకు పెట్టింది రాబర్ట్ కోట్స్ అనే విమర్శకుడు, 1946లో, ది న్యూయార్కర్ పత్రికలో. ఆ చిత్రకారుల్లో చాలామందికి ఆ పేరు నచ్చలేదు. పేర్లు ఎప్పుడూ పక్కవాళ్ళే పెడతారు, అది వేరే విషయం.

వాళ్ళు ఎవరు? ఒక ఊరి వాళ్ళు కాదు. మార్క్ రాత్కో ఇప్పటి లాత్వియాలో ఉన్న ద్విన్‌స్క్ అనే ఊళ్ళో 1903లో పుట్టాడు. పదేళ్ళ వయసులో తల్లితో ఓడ ఎక్కి అమెరికా వచ్చాడు. అసలు ఇంటి పేరు రాత్కోవిట్జ్, తర్వాత కుదించుకున్నాడు. మన పిల్లలు స్కూల్లో పేరు కుదించుకోవడం నాకు గుర్తొస్తుంది. విల్లెం డి కూనింగ్ హాలెండ్ నుంచి ఓడలో దొంగతనంగా వచ్చాడు. జాక్సన్ పోలాక్ మాత్రం అమెరికాలోనే, వయోమింగ్ రాష్ట్రంలో కోడీ అనే ఊళ్ళో 1912లో పుట్టాడు. అంటే ప్రపంచం అంతా "అమెరికన్ ఆర్ట్" అని పిలిచిన దానిలో సగం వలస వచ్చినవాళ్ళ చేతి పని. ఇది మనకు తెలియాల్సిన సంగతి.

1930లలో అమెరికాలో పనులు లేవు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో రోడ్లు వేసేవాళ్ళకు పని ఇచ్చినట్టే బొమ్మలు వేసేవాళ్ళకు కూడా జీతం ఇచ్చి పని ఇచ్చింది. పోలాక్, రాత్కో, లీ క్రాస్నర్, డి కూనింగ్ అందరూ కొంతకాలం ఆ జీతం మీద బతికారు. వారానికి సుమారు 24 డాలర్లు. డి కూనింగ్ కి అప్పటికి సిటిజన్‌షిప్ లేదు కాబట్టి 1937లో మానేయాల్సి వచ్చింది. వీసా కష్టాలు తెలిసిన మనకు ఇది వివరించక్కర్లేదు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. పారిస్ నుంచి చాలామంది కళాకారులు పారిపోయి న్యూయార్క్ చేరారు. కొత్తవాళ్ళు, పాతవాళ్ళు కలిశారు. యుద్ధం, అణుబాంబు చూసిన తర్వాత పండ్ల బుట్ట, పూల కుండీ వేయడం వీళ్ళకు చాలా చిన్న పనిగా కనిపించింది.

పోలాక్ 1945లో లాంగ్ ఐలాండ్ లో స్ప్రింగ్స్ అనే పల్లెకు మారాడు. అక్కడ ఒక చిన్న కొట్టం, అంటే సామాను పెట్టుకునే పాక, అతని స్టూడియో. 1947 నుంచి కాన్వాస్ ను నేల మీద పరిచి, చుట్టూ నడుస్తూ, కర్రతోనో గట్టిపడిన బ్రష్‌తోనో రంగును పైనుంచి ధారగా వదిలేవాడు. బ్రష్ కాన్వాస్ ను తాకేది కాదు. ఇళ్ళకు వేసే ఎనామిల్ పెయింట్ వాడేవాడు, ఎందుకంటే అది పలచగా బాగా జారుతుంది.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే ముగ్గు గుర్తొచ్చింది. మా అమ్మ నడుము వంచి, బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పిండి వదులుతూ ముగ్గు వేసేది. వేలు నేలను తాకదు, పిండి పడుతుంది, గీత అవుతుంది. చెయ్యి ఎంత వేగంగా వెళ్తే గీత అంత సన్నం. పోలాక్ గీతలో కూడా అదే లెక్క. తేడా కూడా ఉంది. చుక్కల ముగ్గుకి ముందే లెక్క ఉంటుంది, పదిహేను చుక్కలు, పదిహేను వరసలు అని. పోలాక్ కి చుక్కలు లేవు. ఇంకో తేడా, మన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది, ఎవరూ బాధపడరు. పోలాక్ కి స్ఫూర్తి ముగ్గు కాదు. అమెరికా ఆదివాసులైన నావహో వాళ్ళు నేల మీద రంగు ఇసుకతో వేసే బొమ్మలు అతనికి తెలుసు, తన పద్ధతి దానికి దగ్గర అని అతనే చెప్పాడు. ముగ్గు పోలిక నాది మాత్రమే.

1949 ఆగస్టులో లైఫ్ పత్రిక పోలాక్ గురించి రాస్తూ, అమెరికాలో బతికి ఉన్న చిత్రకారుల్లో ఇతనే గొప్పవాడా అని ప్రశ్న వేసింది. కొంచెం వెటకారం, కొంచెం ఆశ్చర్యం. ఆ పత్రిక లక్షల ఇళ్ళకు వెళ్ళేది. చాలామంది అమెరికన్లు పోలాక్ బొమ్మను మొదట చూసింది మ్యూజియంలో కాదు, పత్రికలో అచ్చయిన చిన్న ఫోటోలో. అంటే ఈ బొమ్మలు ఇళ్ళలోకి రావడం మొదటి నుంచీ అచ్చు ద్వారానే జరిగింది. ఏడేళ్ళ తర్వాత, 1956 ఆగస్టులో, తాగి కారు నడిపి పోలాక్ చనిపోయాడు. 44 ఏళ్ళు.

అచ్చులో పోయేది మొదట సైజు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పోలాక్ వేసిన "ఆటమ్ రిథమ్" ఉంది, 1950 నాటిది. ఎత్తు దాదాపు 9 అడుగులు, వెడల్పు 17 అడుగుల పైన. మన ఇళ్ళలో ఒక గోడ మొత్తం. దాన్ని 24 అంగుళాలు, 36 అంగుళాల పోస్టర్ లోకి తెస్తే ఏమవుతుంది? పెళ్ళి భోజనాన్ని ఒక చెంచాలో పెట్టినట్టు. రుచి తెలుస్తుంది, కడుపు నిండదు. అయినా చెంచా రుచి కూడా రుచే అని నేను అంటాను.

రాత్కో సంగతి ఇంకా కష్టం. అతని రంగులు ఒక పొర కాదు. చాలా పలచని పొరలు, ఒకదాని మీద ఒకటి. కింద పొర పైనుంచి కనిపిస్తూ ఉంటుంది. అందుకే దగ్గర నిలబడితే రంగు ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. అతను తన బొమ్మలకు ఫ్రేము పెట్టనిచ్చేవాడు కాదు. నేలకు దగ్గరగా, తక్కువ వెలుతురులో పెట్టమనేవాడు. మనం ఏం చేస్తున్నాం? ఫ్రేము వేస్తాం, అద్దం బిగిస్తాం, సోఫా పైన ఎత్తులో పెడతాం, మూడు లైట్లు వేస్తాం. ఆయన చూస్తే ఏమనేవాడో! 1958లో ఒక పెద్ద ఆఫీసు భవనంలోని రెస్టారెంట్ కోసం ఒప్పుకున్న బొమ్మలను, అవి భోజనం చేసేవాళ్ళ వెనక అలంకారంగా మిగిలిపోతాయని అనిపించి, డబ్బు తిరిగి ఇచ్చేసి వెనక్కి తీసుకున్న మనిషి ఆయన. అందులో తొమ్మిది తర్వాత లండన్ టేట్ గ్యాలరీకి ఇచ్చాడు. 1970 ఫిబ్రవరి 25న అవి లండన్ చేరాయి. అదే రోజు ఆయన న్యూయార్క్ లో ఆత్మహత్య చేసుకున్నాడు.

నేను ఉండే హ్యూస్టన్ లో రాత్కో చాపెల్ ఉంది. 1971లో తెరిచారు. ఏ మతానికీ చెందని ప్రార్థన గది. ఎనిమిది గోడలు, 14 పెద్ద చిత్రాలు, దాదాపు అన్నీ నలుపు, ముదురు ఊదా. మొదట చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. పది నిమిషాలు కూర్చుంటే నలుపులో ఎరుపు, ఎరుపులో నీలం కనపడడం మొదలవుతుంది. గర్భగుడిలో కూడా ఇలాగే ఉంటుంది కదా. ఎండలోంచి లోపలికి వెళ్తే ముందు చీకటే, కాసేపటికి మూర్తి కనిపిస్తుంది. పోస్టర్లు అమ్మే షాపుల్లో ఈ చీకటి రాత్కోలు దొరకవు. నారింజ, ఎరుపు, పసుపు రాత్కోలు మాత్రమే దొరుకుతాయి. కుషన్లకు మ్యాచ్ అవుతాయి కాబట్టి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "ప్రింట్" అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఈ రెండూ కలిపేయడం వల్ల మనవాళ్ళు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఒకటి, ముందే ఉన్న పెయింటింగ్ ను ఫోటో తీసి అచ్చు వేసేది. దీన్ని "నకలు" అనవచ్చు, అంటే కాపీ. రెండోది, కళాకారుడు మొదటి నుంచీ అచ్చు కోసమే రాయి మీద, రాగి రేకు మీద, చెక్క మీద తన చేత్తో గీసి, చెక్కి, దాని నుంచి తీసిన కాగితాలు. అక్కడ వేరే అసలు లేదు. ఆ కాగితమే అసలు. యాభై కాగితాలు తీస్తే యాభై అసళ్ళు. అందుకే కింద పెన్సిల్‌తో 12/50 అని రాస్తారు. యాభైలో పన్నెండోది అని.

పోలాక్ కూడా ఈ రెండో రకం ప్రింట్లు చేశాడని చాలామందికి తెలియదు. ఇక్కడే మన తెలుగు మనిషి కథలోకి వస్తాడు.

స్టాన్లీ విలియం హేటర్ అని ఒక ఇంగ్లీషు ఆయన. చదివింది కెమిస్ట్రీ, జియాలజీ. 1920లలో అబాదాన్ లో ఆయిల్ కంపెనీలో పని చేశాడు. (గల్ఫ్ లో ఉన్న పాఠకులారా, మీ పక్కనే!) తర్వాత పారిస్ వెళ్ళి 1927లో అచ్చు బొమ్మల వర్క్‌షాప్ పెట్టాడు. దాని పేరు అటెలియే 17. ఆ 17 అంటే వీధిలో ఇంటి నంబరు, అంతే. యుద్ధం రాగానే 1940లో దాన్ని న్యూయార్క్ తీసుకెళ్ళాడు. అక్కడ 1944, 1945 సంవత్సరాల్లో పోలాక్ వచ్చి రాగి రేకుల మీద గీతలు చెక్కాడు. బ్యూరిన్ అనే చిన్న ఉలితో ఈ పని చేస్తారు. హేటర్ పద్ధతిలో ఉలిని ముందుకు తోస్తూ, రెండో చేత్తో రేకునే తిప్పుతారు. గీత తనంతట తాను వంపు తిరుగుతుంది. రెండేళ్ళ తర్వాత నేల మీద కాన్వాస్ చుట్టూ తిరుగుతూ పోలాక్ వేసిన వంపు గీతలకు ఇక్కడే బీజం పడిందని నమ్మే చరిత్రకారులు ఉన్నారు. నాకూ అది నమ్మబుద్ధి అవుతుంది. అప్పట్లో అతను వాటి నుంచి కొన్ని ట్రయల్ కాగితాలే తీశాడు. రేకులు అలాగే ఉండిపోయాయి. అతను పోయాక 1967లో కొన్ని రేకుల నుంచి ఒక్కోదానికి యాభై చొప్పున అచ్చు తీశారు.

1950లో హేటర్ వర్క్‌షాప్ తో పారిస్ తిరిగి వెళ్ళాడు. అక్కడికి చేరినవాడు కృష్ణా రెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్ లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. మద్రాసు కళాక్షేత్రలో బొమ్మల విభాగం చూసుకున్నారు. లండన్ లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్ లో జాడ్‌కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. శిల్పి కాబట్టి ఆయనకు రాగి రేకు కాగితం లాగా కనపడలేదు, కొండలు లోయలు ఉన్న నేల లాగా కనపడింది.

అప్పటి దాకా రంగు ప్రింట్ చేయాలంటే ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావాలి, ఒక్కోసారి ప్రెస్ లో పెట్టాలి. హేటర్, కృష్ణా రెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ కలిసి ఒకే రేకుతో, ఒకేసారి అన్ని రంగులు వచ్చే పద్ధతి తయారు చేశారు. దీని పేరు విస్కాసిటీ ప్రింటింగ్. విస్కాసిటీ అంటే "చిక్కదనం". సాంబారు చిక్కగా ఉంది, మజ్జిగ పలచగా ఉంది అంటాం కదా, అదే.

పద్ధతి ఇలా ఉంటుంది. రేకును వేరు వేరు లోతుల్లో చెక్కుతారు. అన్నిటికన్నా లోతైన గీతల్లో ఒక రంగు నింపి పైన తుడిచేస్తారు. తర్వాత ఒక రంగులో అవిసె నూనె ఎక్కువ కలిపి పలచగా చేస్తారు. దాన్ని గట్టి రోలర్‌తో రుద్దితే పైన ఎత్తుగా ఉన్న చోట్లకే తగులుతుంది. ఇంకో రంగు చిక్కగా ఉంచి మెత్తని రోలర్‌తో గట్టిగా నొక్కితే అది లోయల్లోకి దిగుతుంది. మరి పైన ఉన్న రంగుతో కలిసిపోదా? కలవదు. పలచని నూనె రంగు ముందే పడిన చోట చిక్కని రంగు అంటుకోదు. దోశ పెనం మీద నూనె ఎక్కువైతే పిండి పట్టుకోకుండా జారిపోతుంది చూడండి, ఇంచుమించు అలా. అన్నీ సిద్ధమయ్యాక తడి కాగితం వేసి ఒక్కసారి ప్రెస్ కింద తోస్తే మొత్తం బొమ్మ వచ్చేస్తుంది.

ఆయన "వర్ల్‌పూల్" 1963 నాటిది. వర్ల్‌పూల్ అంటే సుడిగుండం. నీలం, ఆకుపచ్చ, వేల గీతలు మధ్యలోకి తిరుగుతూ ఉంటాయి. దగ్గరగా చూస్తే ప్రతి గీత గాడి, ప్రతి గాడిలో రంగు వేరు. 1968లో పారిస్ విద్యార్థుల ఉద్యమం చూసి "డెమాన్‌స్ట్రేటర్స్" చేశారు. ఆయనను అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్ట్ అని పిలవడం సరికాదు. ఆయన బొమ్మల్లో నీరు, చేప, పువ్వు, మనిషి జాడ ఉంటుంది. కానీ పోలాక్ గీతలు చెక్కిన వర్క్‌షాప్ ను పారిస్ లో హేటర్‌తో పాటు నడిపిన వాళ్ళలో ఒకరు మన చిత్తూరు జిల్లా ఆయన. 1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్ వచ్చి న్యూయార్క్ యూనివర్సిటీలో ఎంతోమందికి నేర్పారు. 2018 ఆగస్టులో అక్కడే పోయారు. అమెరికాలో మన సభల్లో ఎన్టీఆర్, ఏఎన్నార్ గురించి గంటలు మాట్లాడతాం. కృష్ణా రెడ్డి గారి పేరు నేను ఒక్క సభలో కూడా వినలేదు. సినిమా మీద నాకు కోపం లేదు, నేనూ చూస్తాను.

కథ మళ్ళీ లాంగ్ ఐలాండ్ కి. రష్యా నుంచి, యుద్ధ సమయంలో పారిస్ నుంచి తప్పించుకుని వచ్చిన తాత్యానా గ్రోస్‌మన్ అనే ఆవిడ 1957లో వెస్ట్ ఐస్లిప్ లో తన ఇంట్లోనే లిథోగ్రాఫ్ వర్క్‌షాప్ మొదలుపెట్టింది. లిథోగ్రాఫ్ అంటే రాయి మీద గీసి తీసే అచ్చు. నూనెకు నీళ్ళకు పడదు అన్న ఒక్క సూత్రం మీద నడుస్తుంది. జర్మనీలో సెనెఫెల్డర్ 1790లలో కనిపెట్టాడు. తాత్యానాకు రెండు లిథో రాళ్ళు తన ఇంటి ముందు బాటలోనే దొరికాయి, ఎవరో నడవడానికి పరిచినవి! ఆవిడ పెద్ద పెద్ద చిత్రకారుల వెంట పడి రాళ్ళ మీద గీయించింది. హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ మొదటి ప్రింట్ 1961లో ఇక్కడే చేసింది, పేరు "ఫస్ట్ స్టోన్", మొదటి రాయి. మొదట వీళ్ళల్లో చాలామందికి ప్రింట్ అంటే చిన్నచూపు. ఒక్క క్షణంలో వచ్చే ఆవేశం మా కళ, రాయి అరగదీయడం మాకు ఎందుకు అని. ఫ్రాంకెన్‌థాలర్ మాత్రం వదల్లేదు. 2000లో "మదామ్ బటర్‌ఫ్లై" అనే చెక్క అచ్చు బొమ్మకు 46 చెక్కలు, 102 రంగులు వాడింది. నీళ్ళు చల్లినట్టు తేలికగా కనిపించే బొమ్మ వెనక అంత చాకిరీ.

ఆ లిథో రాళ్ళే మన ఇళ్ళకు దేవుళ్ళను కూడా తెచ్చాయి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి, జర్మన్ మెషీన్లతో తన లక్ష్మి, సరస్వతి చిత్రాలను అచ్చు వేయించారు. అవి నకళ్ళే. ఎవరూ తక్కువగా చూడలేదు. పటం కట్టించి, కొందరు జరీ, చమ్కీలు అతికించి, బొట్టు పెట్టి పూజ చేశారు. కాబట్టి నకలు ప్రింట్ అంటే నాకు ఏ మాత్రం చులకన లేదు. నకలును నకలుగా, నకలు ధరకు కొనుక్కుంటే చాలా మంచిది.

ఇప్పుడు ధర గురించి. ఒక సంవత్సరం గుడి వార్షిక వేలంపాటకు ఒక కుటుంబం పెద్ద ఫ్రేము తెచ్చింది. రాత్కో నారింజ, ఎరుపు. వెనక సర్టిఫికెట్, కింద పెన్సిల్‌తో 212/950, పక్కన సంతకం. "అంకుల్, ఇది ఒరిజినల్ లిమిటెడ్ ఎడిషన్. ఆరు వేల డాలర్లకు కొన్నాం. రసీదు మీద ఆ విలువ రాసివ్వండి" అన్నాడు అబ్బాయి. రసీదులు రాసేది నేనే. వస్తువుల రసీదు మీద గుడి విలువ రాయదు, వస్తువు ఏదో మాత్రమే రాస్తుంది. 5,000 డాలర్లు దాటితే ఇచ్చినవాళ్ళు అప్రైజర్ దగ్గర విలువ కట్టించుకోవాలి. అది చెప్పాను. కానీ "వస్తువు ఏది" అని రాయాలి కదా. భూతద్దం తెప్పించాను. భూతద్దంలో రంగంతా సన్నటి చుక్కలు. సంతకం కూడా చుక్కలే. అంటే సంతకం చేసింది కంప్యూటర్ ప్రింటర్. సర్టిఫికెట్ మీద "జిక్లే" అని ఉంది.

ఈ జిక్లే అనే మాట ఫ్రెంచి. చిమ్మడం అని అర్థం. కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అనే స్టూడియోలో ఇంక్‌జెట్ యంత్రంతో కళా ప్రింట్లు తీసేవాళ్ళు. దాన్ని నడిపినవాడు గ్రాహం నాష్, అవును, పాటలు పాడే ఆయనే. "ఇంక్‌జెట్" అంటే ఆఫీసు కాగితం లాగా ఉందని, అక్కడ పనిచేసే జాక్ డుగాన్ 1991లో ఈ ఫ్రెంచి మాట తెచ్చి పెట్టాడు. రాత్కో పోయింది 1970లో. జిక్లే పుట్టింది 1991లో. పోయిన మనిషి 21 ఏళ్ళ తర్వాత వచ్చిన యంత్రం కాగితం మీద ఎలా సంతకం పెడతాడు? ఇంత మాటే ఆ అబ్బాయితో అన్నాను. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ నాన్నగారు రిటైర్ అయిన డబ్బుతో కొడుకు కొత్త ఇంటికి కొనిచ్చిన బహుమతి అది. "నాన్నకు చెప్పకండి అంకుల్" అన్నాడు. చెప్పలేదు. రసీదు మీద "ఫ్రేము వేసిన ఇంక్‌జెట్ ప్రింట్, ఒకటి" అని రాశాను. వేలంలో 90 డాలర్లకు పోయింది.

మీరు మోసపోకుండా ఉండడానికి భూతద్దం చాలు. చుక్కలు పువ్వుల్లాగా వరసగా ఉంటే ఆఫ్‌సెట్ పోస్టర్. నీలం, గులాబీ, పసుపు, నలుపు నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు చెదిరి పొడి చల్లినట్టు ఉంటే ఇంక్‌జెట్. చుక్కలు లేకుండా రంగు నిండుగా ఉంటే, కాగితం మీద రేకు అంచు నొక్కిన గుర్తు ఉంటే, అప్పుడు ఆగి చూడండి, తెలిసినవాళ్ళను అడగండి. పెద్దవాళ్ళు కూడా మోసపోయారు. న్యూయార్క్ లో 1846 నుంచి ఉన్న నోడ్లర్ గ్యాలరీ నకిలీ రాత్కోలు, పోలాక్‌లు కోట్ల డాలర్లకు అమ్మి 2011లో మూతపడింది. ఒక బొమ్మ మీద పోలాక్ పేరులో ఒక అక్షరం తప్పిపోయింది. స్పెల్లింగ్ బీ పిల్లలు ఉన్న మన ఇళ్ళలో అయితే వెంటనే దొరికిపోయేది.

ఈ కళకు రాజకీయం కూడా ఉంది, క్లుప్తంగా చెప్తాను. కోల్డ్ వార్ రోజుల్లో "మా దేశంలో కళాకారుడికి స్వేచ్ఛ ఉంది" అని చూపించడానికి ఈ బొమ్మలను దేశాలు తిప్పారు. వీటిని పొగిడే మేధావుల సంఘానికి రహస్యంగా సీఐఏ డబ్బు ఇచ్చిందని 1960లలో బయటపడింది. చిత్రకారులకు అది తెలిసిందా లేదా, దాని వల్ల బొమ్మ విలువ తగ్గుతుందా అని ఇప్పటికీ వాదిస్తారు. నా మట్టుకు నాకు తగ్గదు. 1967లో ఇలాంటి ఒక పెద్ద ప్రదర్శన ఢిల్లీ లలిత కళా అకాడమీకి కూడా వచ్చింది. అసలు బొమ్మలను మన దేశంలో జనం కళ్ళారా చూశారు.

చివరగా ఎండ. రాత్కో 1960లలో హార్వర్డ్ యూనివర్సిటీకి ఐదు పెద్ద చిత్రాలు వేసి ఇచ్చాడు. పెద్ద కిటికీలు ఉన్న భోజనాల గదిలో పెట్టారు. ఆయన వాడిన ఒక ఎరుపు, లిథాల్ రెడ్, ఎండకు ఓర్చుకోదు. ముదురు ఎరుపు కాస్తా కొన్ని చోట్ల లేత నీలం అయిపోయింది. 1979కి అన్నిటినీ తీసి లోపల పెట్టేశారు. 2014లో హార్వర్డ్ మ్యూజియం వాళ్ళు ఒక ఉపాయం చేశారు. చిత్రాలను ముట్టుకోకుండా, పోయిన రంగు ఎంతో లెక్క కట్టి, ప్రొజెక్టర్‌తో ఆ రంగు వెలుతురును వాటి మీద వేశారు. ప్రొజెక్టర్ ఆపితే మళ్ళీ వెలిసిన బొమ్మ. "వెలిసిన" అంటే రంగు పోయిన. జాగ్రత్త, "దేవుడు వెలిసిన" అంటే వచ్చి కనపడిన. రెండు అర్థాలూ ఒకే మాటకు ఉన్నాయి.

మీ ఇంట్లో ప్రింట్ ఉంటే నేరుగా ఎండ పడని గోడకు పెట్టండి. కాగితం అద్దానికి తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట వేయించండి. హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్ళలో అద్దానికి అంటుకుంటే ఇక ఊడి రాదు. సోఫా పైన మరీ ఎత్తులో కాకుండా, నిలబడితే కంటికి ఎదురుగా ఉండేలా పెట్టండి. కృష్ణా రెడ్డి గారి పని చూడాలనుకుంటే న్యూయార్క్ లో మోమాలో ఉంది. మెట్రోపాలిటన్ మ్యూజియం 2016లో హేటర్, కృష్ణా రెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి ప్రింట్లు కలిపి ప్రదర్శన పెట్టింది, అప్పటికి ఆయనకు 91 ఏళ్ళు. పెద్ద మ్యూజియాల్లో ప్రింట్లు అన్నీ గోడ మీద ఉండవు, పెట్టెల్లో ఉంటాయి. ముందుగా ఈమెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే, చాలా చోట్ల, బల్ల మీద పెట్టి అద్దం లేకుండా చూపిస్తారు. పెన్ను తీసుకెళ్ళకండి, పెన్సిలే రానిస్తారు.